ఆక్టేవియా ఆర్ఎస్‌కు ఆయిల్ కూలర్: విశాఖ ఎండలో ఒక కేస్ స్టడీ

బండి మొదటి తరం స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్. 1.8 లీటర్ల, 20 వాల్వుల టర్బో పెట్రోల్ ఇంజిన్. ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) ఎక్కువ పవర్ కోసం రీమ్యాప్ అయింది, టర్బో మాత్రం కంపెనీదే. రోజూ ఆఫీసుకు తిరిగే కారు, కాబట్టి ఏసీ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది. సెలవు దొరికితే శృంగవరపుకోట మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కుతుంది, అప్పుడప్పుడు చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌కు వెళ్తుంది. ఓనర్ ఫిర్యాదు ఒక్కటే. ఘాట్ గట్టిగా ఎక్కించి పైన ఆపితే ఐడ్లింగ్‌లో ట్యాపెట్ల (వాల్వులను నొక్కే భాగాల) చప్పుడు వస్తోంది, పావుగంట చల్లారాక పోతోంది. డ్యాష్‌బోర్డు మీద టెంపరేచర్ ముల్లు మాత్రం 90 దగ్గర కదలకుండా నిలబడి ఉంటుంది.

ఆ ముల్లును నమ్మకూడదు. ఈ కార్లలో కూలెంట్ సుమారు 75 నుంచి 105 డిగ్రీల మధ్య ఎక్కడున్నా ముల్లు 90 మీదే ఉండేలా మీటర్‌లోనే సర్దేశారు. పైగా అది చూపేది కూలెంట్‌ను, ఆయిల్‌ను కాదు. ఈ మోడల్‌లో ఆయిల్ టెంపరేచర్ గేజ్ లేదు. అందుకే కూలర్, అంటే ఆయిల్‌ను గాలితో చల్లబరిచే చిన్న రేడియేటర్, కొనే ముందు ఆయిల్ టెంపరేచర్, ఆయిల్ ప్రెషర్ గేజులు రెండూ పెట్టించాం. కూలెంట్ వేడిని, కారు కంప్యూటర్ లెక్కలు చదివే ఓబీడీ స్కానర్‌తో చూశాం.

కూలర్‌కు ముందు చూడాల్సినవి

టెంపరేచర్ గేజు సెన్సర్‌ను సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) డ్రెయిన్ బోల్టు స్థానంలో పెట్టాం. అక్కడి మర ఎం14 × 1.5. సంప్‌లో ఉన్న ఆయిల్ ఎంత వేడిగా ఉందో నేరుగా తెలుస్తుంది. సెన్సర్ కిందికి పొడవుగా వేలాడితే మొదటి స్పీడ్ బ్రేకర్‌కే పోతుంది కనుక పొట్టిది ఎంచుకోవాలి.

మే నెలలో, ఏసీ వేసి, బొడ్డవర నుంచి అనంతగిరి వైపు రెండో గేరు, మూడో గేరుల్లో వేగంగా ఎక్కిస్తే ఆయిల్ 134 డిగ్రీలకు చేరింది, ఇంకా పెరుగుతూనే ఉంది. అప్పుడు కూలెంట్ 100 దగ్గర. ఆపాక ఐడ్లింగ్ ప్రెషర్ 1 బార్. అదే బండి జాతీయ రహదారి మీద 90-100 వేగంలో 108 డిగ్రీలు, ఎన్ఏడీ-గాజువాక ట్రాఫిక్‌లో 104. అంటే ఊళ్లో తిరిగినంత కాలం ఈ కారుకు కూలర్ అక్కర్లేదు. సమస్య ఘాట్‌లోనూ ట్రాక్‌లోనూ మాత్రమే.

134 ఎందుకు ఎక్కువ? 5డబ్ల్యూ-40 ఆయిల్ చిక్కదనం 100 డిగ్రీల దగ్గర 14 సెంటీస్టోక్స్ ఉంటే, 130కి వచ్చేసరికి 8 దగ్గరికి, 140కి 7 లోపుకు పడిపోతుంది. బేరింగుల మధ్య పొర అంతగా పలచనవుతుంది, హైడ్రాలిక్ ట్యాపెట్లకు ఐడ్లింగ్‌లో సరిపడా ప్రెషర్ అందదు. మంచి సింథటిక్ ఆయిల్ కాసేపు 130 తట్టుకుంటుంది. కానీ ప్రతి ఘాట్‌కూ ఆ వేడి తగిలితే ఆయిల్ తొందరగా ఆక్సీకరణ చెంది జిగురు కడుతుంది. ఈ ఇంజిన్ సంప్‌లో పట్టేది సుమారు నాలుగున్నర లీటర్లే. టర్బోకు కూడా అందులోంచే పోవాలి.

కూలర్ పెట్టేస్తే అన్నీ సర్దుకుంటాయనుకోవడం తప్పు. ముందు రేడియేటర్, వాటర్ పంప్, థర్మోస్టాట్ పరీక్షించాలి. ఈ ఇంజిన్‌లో ఫిల్టర్‌కూ బ్లాక్‌కూ మధ్య కంపెనీవాళ్లే ఒక హీట్ ఎక్స్‌ఛేంజర్ పెట్టారు. అందులో కూలెంట్ తిరుగుతూ ఆయిల్ వేడిని తీసుకుంటుంది. కూలెంట్ సరిగా తిరగకపోతే ఆయిల్ కూడా కాగిపోతుంది. పాత పంపుల్లో ప్లాస్టిక్ ఇంపెల్లర్ పగిలి ఇరుసు మీద వట్టిగా తిరిగే సందర్భాలున్నాయి, పైకి ఏ లీకూ కనిపించదు. సంప్ విప్పి, ఆయిల్ పంప్ ఆయిల్‌ను పీల్చుకునే పికప్ జాలీ కూడా చూడాలి. జాలీలో మడ్డి పేరుకుని ఉంటే తక్కువ ప్రెషర్‌కు కారణం అదే, దానికి కూలర్ మందు కాదు. ఈ బండిలో పంప్ బాగుంది. జాలీలో పలచగా మడ్డి ఉంటే శుభ్రం చేసి సంప్ మళ్లీ బిగించాం. ఆ తర్వాత కూడా ఘాట్‌లో 134 వస్తేనే కూలర్ మాట ఎత్తాం.

సామాను

కోర్ (ఆయిల్ చల్లబడే రెక్కల భాగం): 235 మి.మీ. వెడల్పు, 19 వరసలు, ఎత్తు సుమారు 147 మి.మీ., మందం 50 మి.మీ. దీనికన్నా పెద్దది ఈ కారుకు వద్దు. పెద్ద కోర్‌కు పెద్ద సందు కావాలి. సందు లేనిచోట ఇరికిస్తే గాలి తగలని భాగం ఉత్త బరువే.

శాండ్‌విచ్ ప్లేట్ (ఫిల్టర్ పైన కూర్చుని ఆయిల్‌ను కూలర్‌కు మళ్లించేది): లోపల థర్మోస్టాట్ ఉన్నది, 80 డిగ్రీల దగ్గర తెరుచుకునేది. ఈ ఇంజిన్ ఫిల్టర్ మర 3/4-16 యూఎన్ఎఫ్. హోండా, సుజుకీ కార్లకు ఎక్కువగా ఎం20 × 1.5 వస్తుంది, దాని ప్లేట్ దీనికి పట్టదు. "మన ఊళ్లో చలే లేదు, థర్మోస్టాట్ దండగ" అనే మాట తరచూ వినిపిస్తుంది. దాన్ని గట్టిగా కాదనాలి. థర్మోస్టాట్ లేని ప్లేట్ పెడితే వానాకాలం హైవే మీద నెమ్మదిగా పోయేటప్పుడు ఆయిల్ వేడెక్కాల్సినంత వేడెక్కదు. అలాంటప్పుడు అందులో చేరిన నీటి ఆవిరి, కాలని పెట్రోలు బయటికి పోవు. విశాఖ గాలిలో తేమ ఎక్కువ, ఆఫీసు ప్రయాణాలు చిన్నవి. ఆయిల్ పాడవడానికి ఆ రెండూ చాలు. పొద్దున్నే చల్లటి ఇంజిన్‌కు ఆయిల్ త్వరగా అందాలన్నా థర్మోస్టాట్ ఉండాలి. బిగించే ముందు దాన్ని గిన్నెలో నీళ్లు పోసి థర్మామీటర్ పెట్టి వేడి చేసి చూడండి. 80 దాటగానే కదలాలి, చల్లారాక వెనక్కి రావాలి.

పైపులు: ఏఎన్-10 సైజు, లోపల పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) గొట్టం, పైన స్టెయిన్‌లెస్ అల్లిక. రెండూ కలిపి 2.2 మీటర్లు.

పైపుల విషయంలోనే ఎక్కువ పొరపాట్లు చూస్తుంటాం. ఆటోనగర్‌లో హైడ్రాలిక్ పైపులు ప్రెస్ చేసే షాపులకు కొదవ లేదు. క్రేన్లకు, పోర్టు యంత్రాలకు వాళ్లు రోజూ చేసే పనే అది, పనితనం కూడా బాగుంటుంది. అక్కడ మామూలుగా ఇచ్చేది ఆర్1ఏటీ రకం రబ్బరు పైపు. 5/8 అంగుళం సైజులో అది 130 బార్ ప్రెషర్ తట్టుకుంటుంది. ఇంజిన్‌లో ప్రెషర్ చల్లటి స్టార్ట్‌లో కూడా పది బార్ దాటదు కాబట్టి ఇంకేం భయం అనిపిస్తుంది. ఇబ్బంది ప్రెషర్‌తో కాదు, వేడితో. ఆ రకం పైపు సాధారణంగా 100 డిగ్రీల వరకే. 120 డిగ్రీల ఆయిల్ నెలల తరబడి పారితే లోపలి రబ్బరు గట్టిపడి పెచ్చులూడుతుంది, ఆ పెచ్చులు ఆయిల్ దారిలోకే చేరతాయి. ఇంకో చిక్కు, దాన్ని 200 మి.మీ. వ్యాసార్థం కంటే తక్కువలో వంచకూడదు. కారు బంపర్ వెనక అంత చోటు దొరకదు. అదే షాపులో పీటీఎఫ్ఈ పైపు, అంటే ఆర్14 రకం, అడిగి తీసుకోండి. అది 200 డిగ్రీలు తట్టుకుంటుంది. కాకపోతే పీటీఎఫ్ఈ ఒకసారి మడత పడితే మళ్లీ తిన్నగా కాదు, ఆ ముక్క పారేయాల్సిందే. మలుపులున్న చోట పైపును వంచకుండా 45, 90 డిగ్రీల ఫిట్టింగులు వాడాలి.

ఫిట్టింగుల మర కూడా సరిచూసుకోవాలి. ఏఎన్-10 అంటే 7/8-14 మర, 37 డిగ్రీల కోను. హైడ్రాలిక్ షాపులో దొరికే జేఐసీ ఫిట్టింగుకూ అదే మర, అదే కోను, కాబట్టి రెండూ కలుస్తాయి. బీఎస్పీ ఫిట్టింగు కోను వేరు, మర వేరు. బలవంతంగా ఎక్కించి టెఫ్లాన్ టేపు చుట్టేవాళ్లున్నారు. కోను ఉన్న జాయింటును ఆపేది లోహం మీద లోహం కూర్చోవడమే, టేపు కాదు. చిరిగిన టేపు పోగులు ట్యాపెట్ల సన్న రంధ్రాల్లోకి పోతాయి. సెన్సర్లకు 1/8 ఎన్‌పీటీ, ఎం10 × 1 మరలు చూడ్డానికి ఒకలాగే ఉంటాయి, మొదటి రెండు చుట్లు ఎక్కుతాయి కూడా. మూడో చుట్టుకు అల్యూమినియం మర చెడిపోతుంది. చేతితో తిరగనిదాన్ని పానాతో తిప్పకండి.

ఎక్కడ పెట్టాలి

రేడియేటర్ ముందు పెడితే ఏసీ కండెన్సర్‌కు వేడిగాలి తగులుతుంది. మే నెల విశాఖలో ఏసీ చల్లబడకపోతే ఏ ఓనరూ ఒప్పుకోడు. కండెన్సర్ వెనక పెడితే అప్పటికే కాగిన గాలి అందుతుంది. ఈ మోడల్‌లో కుడి మూలన ఫెండర్ లోపల ఇంటర్‌కూలర్ ఉంది. మిగిలింది ఎడమ మూల. హారన్ బ్రాకెట్ పక్కకు జరిపితే కోర్ సరిగ్గా కూర్చుంది. టర్బో ఇంజిన్ వెనకవైపు, ఫిల్టర్ ముందువైపు ఉండటం వల్ల పైపులు ఎగ్జాస్ట్ వేడికి దూరంగా నడిచాయి.

కోర్‌ను నాలుగు ఎం6 రబ్బరు బుష్షుల మీద నిలబెట్టాం, కింద రెండు, పైన రెండు. బాడీకి నేరుగా బోల్టు వేస్తే అదురుకు అంచు అతుకులు పగులుతాయి. పోర్టులు పైకి ఉండేలా పెట్టాం. కిందికి ఉంటే పై వరసల్లో గాలి చిక్కుకునే అవకాశం ఉంది. బంపర్ గ్రిల్ నుంచి కోర్ దాకా 1.5 మి.మీ. అల్యూమినియం రేకుతో డక్ట్ కట్టించాం. ముందు నోరు 15 × 9 సెం.మీ., అంటే 135 చదరపు సెం.మీ. కోర్ ముఖం 345. నోరు కోర్‌లో మూడో వంతు నుంచి సగం వరకు ఉంటే చాలు, డక్ట్ క్రమంగా విప్పారాలి, అంచులకు ఫోమ్ పట్టీ అతికించాలి. సందు వదిలితే గాలి కోర్‌లోంచి పోకుండా పక్కనుంచి జారిపోతుంది.

ఇంతవరకూ చాలామంది చేస్తారు. గాలి లోపలికి రావడానికి దారి చేసి, బయటికి పోవడానికి చేయకుండా వదిలేస్తారు. ఈ బండిలో కూడా ముందు లైనర్ కోయకుండా పరీక్షించాం. కోర్ వెనక ఉన్నది టైరు చుట్టూ ఉండే ప్లాస్టిక్ లైనర్. అదే ఘాట్‌లో 134 నుంచి 126కు మాత్రమే తగ్గింది.

ఎందుకో తెలుసుకోవడానికి ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు. తాపీ మేస్త్రీలు వాడే సన్నటి పారదర్శక లెవెల్ పైపు ఒకటి తీసుకుని సగం రంగునీళ్లు నింపి, "యూ" ఆకారంలో స్కేలు మీద కట్టి కారు లోపల పెట్టాం. ఒక కొస కోర్ ముందు, రెండో కొస కోర్ వెనక. 80 కి.మీ. వేగంలో ఎదురుగాలి ఒత్తిడి మొత్తం దాదాపు 29 మి.మీ. నీటిమట్టానికి సమానం. కోర్‌కు ఇటూ అటూ తేడా 7 మి.మీ. మాత్రమే కనిపించింది. మిగతా ఒత్తిడి అంతా కోర్‌కూ లైనర్‌కూ మధ్య గాలి పోగుపడటానికే సరిపోతోంది.

అప్పుడు లైనర్ ముందుభాగంలో, కోర్‌కు సరిగ్గా వెనక, 170 చదరపు సెం.మీ. మేర కోసి, వెనక్కి తిరిగిన రేకు లూవర్లు (ఏటవాలు పట్టీలు) బిగించాం. స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి, సస్పెన్షన్ కిందికి నొక్కి, టైరుకూ లూవర్లకూ 25 మి.మీ. సందు ఉందని చూసుకున్నాకే కోత ఖాయం చేశాం. లూవర్లు వెనక్కి తిరిగి ఉంటే టైరు చిమ్మే బురద కోర్ మీద పడదు. కోశాక అదే 80 వేగంలో తేడా 7 నుంచి 16 మి.మీ.కు పెరిగింది. ఘాట్‌లో ఆయిల్ 115 దగ్గర నిలబడింది.

ఘాట్‌లో ఈ కోత అంత పనిచేయడానికి కారణం ఉంది. గాలి ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. వేగం సగమైతే ఒత్తిడి నాలుగో వంతు. 80లో 29 మి.మీ. ఉన్నది 40లో 7 మి.మీ. మాత్రమే. ఘాట్‌లో ఇంజిన్ మీద బరువు ఎక్కువ, వేగం తక్కువ. ఆ కొద్దిపాటి ఒత్తిడిలో ఒక్క మి.మీ. కూడా వృథా కాకూడదు. లైనర్ కోశాక కూడా ఆయిల్ 120 దాటుతుంటే కోర్ వెనక చిన్న ఫ్యాన్ పెట్టాల్సి వచ్చేది. ఇక్కడ అవసరం రాలేదు.

పోలికకు నేరుగా ఆయిల్ డిగ్రీలు కాకుండా, ఆయిల్‌కూ బయటి గాలికీ ఉన్న తేడా రాసుకోవాలి, అదీ ఘాట్‌లో ఒకే మలుపు దగ్గర. పైకి పోయేకొద్దీ గాలి చల్లబడుతుంది, రోజుకో తీరుగా ఉంటుంది. కూలర్ లేనప్పుడు బయట 36, తేడా 98. లైనర్ కోయకముందు బయట 35, తేడా 91. కోశాక బయట 34, తేడా 81.

బిగింపు

కొత్త కోర్ అయినా లోపల కడగాలి. బ్రేజింగ్ తాలూకు ఫ్లక్స్, పొడి ఉంటాయి. శుభ్రమైన టర్పెంటైన్ పోసి ఊపి వంపి, రెండో వైపు నుంచి కూడా అలాగే చేసి, గాలితో ఆరబెట్టి, చివర కొత్త ఆయిల్‌తో తడపాలి. బేరింగ్ పోయిన ఇంజిన్ నుంచి తీసిన పాత కోర్ ఎంత చవకగా దొరికినా వద్దు. సన్న వరసల్లో ఇరుక్కున్న లోహపు రజను ఎన్నిసార్లు కడిగినా పూర్తిగా రాదు. అది ఒకరోజు ఊడి కొత్త బేరింగుల్లోకి పోతుంది. పైపు కోసేటప్పుడు అల్లిక మీద గట్టిగా టేపు చుట్టి, టేపు మీదే సన్న కటింగ్ చక్రంతో కోయాలి. లోపల రజను మిగలకుండా గాలి కొట్టి, బిగించేదాకా కొసలు మూసి ఉంచాలి.

పాత ఫిల్టర్ తీశాక హీట్ ఎక్స్‌ఛేంజర్‌ను పట్టి ఉంచే నట్టు బిగువుగా ఉందో లేదో చూడండి. శాండ్‌విచ్ ప్లేట్ మధ్య బోల్టు తిప్పేటప్పుడు ఆ నట్టు కూడా కదిలితే కింది ఓరింగ్ చెదిరి ఆయిల్, కూలెంట్ కలిసిపోతాయి. ప్లేట్ ఓరింగ్‌కు ఆయిల్ రాసి, పోర్టులు పైపులు పోవాల్సిన దిక్కుకు తిప్పి పెట్టి, అప్పుడే ప్లేట్‌తో వచ్చిన కాగితంలోని టార్క్‌కు బిగించాలి. ప్లేట్ మందం మేరకు ఫిల్టర్ కిందికి దిగుతుంది. ఫ్యాన్ కవచానికి, అండర్‌ట్రేకు తగలడం లేదని నిర్ధారించుకోవాలి.

కోర్ పోర్టుకు ఫిట్టింగు బిగించేటప్పుడు రెండు పానాలు తప్పనిసరి. ఒకటి కోర్ బాస్‌ను, అంటే పోర్టు ఉన్న దిమ్మను, కదలకుండా పట్టాలి, రెండోది ఫిట్టింగును తిప్పాలి. ఒక్క పానాతో తిప్పితే పలచటి అల్యూమినియం మెడ మెలిపడుతుంది, లీకు నెల తర్వాత బయటపడుతుంది. మరలకు చుక్క ఆయిల్ రాస్తే అల్యూమినియం పట్టేయదు. నట్టు చేతితో ఆగాక పానాతో నట్టు ఆరు ముఖాల్లో ఒక ముఖం మేర, మహా అయితే ఒకటిన్నర, తిప్పితే చాలు.

ఇంజిన్ మౌంటుల మీద ఊగుతుంది, కోర్ బాడీకి ఉంటుంది. పైపుల్లో 30 మి.మీ. దాకా వదులు ఉంచాలి. స్టెయిన్‌లెస్ అల్లిక ఆకురాయిలా పనిచేస్తుంది. తగిలిన ఏసీ పైపును, వైర్లను కొన్ని వందల కిలోమీటర్లలోనే కోసేస్తుంది. ప్రతి 30 సెం.మీ.కు రబ్బరు పట్టీ ఉన్న పీ-క్లిప్పు వేసి, దాటే చోటల్లా పైపుకు తొడుగు వేశాం.

మొదటి స్టార్ట్

కోర్, పైపులు కలిపి ముప్పావు లీటరు పట్టాయి. కోర్‌లో ముందే ఆయిల్ నింపి బిగిస్తే గాలి తక్కువ చిక్కుతుంది. ఫ్యూయల్ పంప్ ఫ్యూజు తీసి, పది సెకన్ల చొప్పున, మధ్యలో స్టార్టర్‌కు విశ్రాంతి ఇస్తూ, ప్రెషర్ గేజు కదిలేదాకా క్రాంక్ చేయాలి. తర్వాత ఫ్యూజు పెట్టి స్టార్ట్ చేసి ఐడ్లింగ్‌లోనే వదలాలి, రేస్ చేయకూడదు. ప్రతి జాయింటును టార్చి వేసి, తెల్ల కాగితం ముక్క తాకించి చూడాలి.

డిప్‌స్టిక్ అప్పుడే చూసి సరే అనుకోవద్దు. థర్మోస్టాట్ పూర్తిగా తెరుచుకోకముందు కోర్‌లోకి పోయేది కొద్దిపాటి ఆయిలే. బండిని తిప్పి, రెండు పైపులూ వేడెక్కాయని చూసి, ఆపి పది నిమిషాలు ఆగి అప్పుడు మట్టం సరిచేయాలి. ఒక పైపు కాలుతూ రెండోది చల్లగా ఉంటే థర్మోస్టాట్ తెరుచుకోలేదు, లేదా కోర్‌లో గాలి ఉంది. నట్ల మీద పెయింట్ గీత పెట్టి 100 కి.మీ.కు, 500 కి.మీ.కు గీత జరిగిందేమో చూడాలి.

ఈ బండిలో హైవే మీద ఆయిల్ 108 నుంచి 94కు వచ్చింది. ఘాట్ ఎక్కాక ఐడ్లింగ్ ప్రెషర్ 1 నుంచి 1.5 బార్‌కు పెరిగింది. ట్యాపెట్ల చప్పుడు లేదు. కూలెంట్ కూడా 100 నుంచి 96కు దిగింది. హీట్ ఎక్స్‌ఛేంజర్ మీద భారం తగ్గడమే దానికి కారణం. అందుకే దాన్ని తీసేయమని సలహా ఇవ్వం. పొద్దున ఆయిల్‌ను త్వరగా వేడెక్కించేది కూడా అదే.

సముద్రం పక్కన

బీచ్ రోడ్డు ఉప్పుగాలి, పోర్టు వైపు బొగ్గు ధూళి, రెండూ కోర్ రెక్కలకు పడవు. తేమతో కలిసిన ధూళి రెక్కల మధ్య ముద్దలా అంటుకుంటుంది. నెలకోసారి వెనకవైపు నుంచి మామూలు పైపు నీళ్లతో కడగాలి. ప్రెషర్ వాషర్ గన్ పెడితే రెక్కలు వంగి గాలి దారి మూసుకుంటుంది. అల్యూమినియం బ్రాకెట్‌లో స్టెయిన్‌లెస్ బోల్టు వేస్తే ఉప్పు తడికి అల్యూమినియమే తినేస్తుంది, కాబట్టి మధ్యలో నైలాన్ వాషర్లు, బోల్టుకు గ్రీజు. లారీల వెనక ఎగిరే కంకరకు గ్రిల్ వెనక స్టెయిన్‌లెస్ జాలీ పెట్టాం. జాలీ కళ్లు మరీ చిన్నవైతే గాలి తగ్గుతుంది కాబట్టి పెట్టాక లెవెల్ పైపుతో మళ్లీ కొలిచాం, 16 కాస్తా 15 అయింది, అంతే.

ఆయిల్ మార్చేటప్పుడు సంప్ వంపితే కూలర్‌లోని ముప్పావు లీటరు పాత ఆయిల్ అలాగే మిగులుతుంది. ప్రతిసారీ పైపులు విప్పడం కంటే ఆయిల్ మార్పును ముందుకు జరపడం మేలు. ఈ ఓనర్‌కు 7,500 కి.మీ. అని రాసిచ్చాం, ట్రాక్‌కు వెళ్లొస్తే వెంటనే.